విన్నానని తల ఊపాను, కానీ నాకేమీ వినిపించలేదు

పేరు వెల్లడించవద్దని కోరుతూ ఒక వైద్య విద్యార్థిని రాసిన పెద్ద ఉత్తరం ఇది. ఆమె వైద్యవిద్య చివరి సంవత్సరంలో ఉన్నారు. వార్డు రౌండ్లలో ప్రొఫెసర్ గారు రోగి వీపు మీద స్టెతస్కోప్ ఆనించి, కాసేపు విని, "కుడివైపు కింద క్రెప్స్ (చిటపట శబ్దాలు) ఉన్నాయి, ఒక్కొక్కరుగా వినండి" అంటారట. విద్యార్థులంతా వరుసలో నిలబడతారు. ఎప్పుడూ వరుస చివర్లో ఉండే ఈమె వంతు వచ్చేసరికి రోగి అలసిపోయి ఉంటారు, మిగతావాళ్లు తొందరపెడుతుంటారు, చెవుల్లో ఏదో గరగరమన్న చప్పుడు తప్ప మరేమీ తెలియదు. "వినిపించిందా?" అని అడిగితే "వినిపించింది సార్" అనేస్తారు. మొదటి క్లినికల్ పోస్టింగులో మొదలైన ఈ అలవాటు ఇప్పుడు కేసు షీటు దాకా వచ్చింది. ఛాతీ పరీక్ష రాయాల్సిన చోట సీనియర్ రాసినది చూసి, మాటలు కొద్దిగా మార్చి, తాను విన్నట్టే రాస్తున్నారు.

చిన్నతనంలో చాలాకాలం చెవి కారేదనీ, అందువల్ల వినికిడిలోనే లోపం ఉందేమోనన్న అనుమానం పీడిస్తోందనీ, ఎలక్ట్రానిక్ స్టెతస్కోప్ కొనాలా అని ఆలోచిస్తున్నాననీ రాశారు. ఎక్స్‌రే, స్కాన్ ఉండగా ఈ కాలంలో స్టెతస్కోప్‌తో పనేమిటని ఒక స్నేహితురాలు తేలిగ్గా కొట్టిపారేస్తున్నారట. ప్రాక్టికల్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి. స్టెతస్కోప్ అవసరం లేని బ్రాంచిలోకి వెళ్లిపోవడమే మంచిదేమో అన్న ఆలోచన కూడా ఉంది. చివరగా, "నాలో లోపం ఉందా, లేక నేను అందరినీ మోసం చేస్తున్నానా?" అని అడిగారు.

అమ్మా, మీరు ఒకే ముడిగా చూస్తున్న దానిలో మూడు వేర్వేరు సమస్యలు ఉన్నాయి. మీ చెవులు బాగున్నాయా అన్నది ఒకటి, ఏమి వినాలో, ఎలా వినాలో మీకు ఎవరైనా సరిగా నేర్పారా అన్నది రెండోది, వినని దాన్ని విన్నానని చెప్పడం మూడోది. మొదటిదానికి ఒక పరీక్ష చాలు, రెండోదానికి సాధన కావాలి. మూడోదానికి మీరే ఒక నిర్ణయం తీసుకోవాలి. ఈ మూడూ కలిసిపోవడం వల్లే రాని పని మీకు లోపంగా, ఆ లోపం మోసంగా కనిపిస్తోంది. విడదీసి చూస్తే ఒక్కొక్కటీ మీరు భయపడుతున్నంత పెద్దది కాదు. మూడోదాన్ని మాత్రం ఇలాగే వదిలేస్తే పెద్దదవుతుంది, అందుకే దాని గురించి చివర్లో వివరంగా రాస్తాను.

ముందుగా చెవుల సంగతి. ఊపిరితిత్తుల శబ్దాలలో మనకు కావలసినదంతా దాదాపుగా 1000 హెర్ట్జ్‌కు లోపలే ఉంటుంది. వయసు వల్లగానీ, పెద్ద శబ్దాల మధ్య పనిచేయడం వల్లగానీ వచ్చే వినికిడి లోపం సాధారణంగా అంతకంటే చాలా పైస్థాయి శబ్దాలతో మొదలవుతుంది కనుక, అలాంటి స్వల్పలోపం ఉన్న వైద్యులు కూడా ఛాతీని చక్కగా వినగలుగుతారు. మీ విషయం కొంత వేరు. చిన్నతనంలో ఎక్కువకాలం చెవి కారినవారిలో కర్ణభేరికో మధ్యచెవి ఎముకలకో దెబ్బ తగిలి ఉంటే, లోపం కిందిస్థాయి శబ్దాలలో కూడా ఉండవచ్చు. కాబట్టి మీ అనుమానం ఉత్త భయమని తోసిపుచ్చను. చెవి వైద్యుల దగ్గర ప్యూర్‌టోన్ ఆడియోమెట్రీ చేయించుకోండి. నొప్పి లేని చిన్న పరీక్ష అది. 250 హెర్ట్జ్ నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఏ స్థాయి శబ్దం మీకు ఎంత బలంగా ఉంటే వినిపిస్తుందో చెబుతుంది. లోపం లేదని తేలితే ఒక బరువు దిగిపోతుంది. ఉందని తేలితే అప్పుడు ఎలక్ట్రానిక్ స్టెతస్కోప్ మీకు నిజమైన అవసరం అవుతుంది. వినికిడి లోపంతోనే వైద్యవృత్తి చేస్తున్నవారు ఎందరో దానితో పనిచేస్తున్నారు.

పరీక్ష చేయించుకోకుండానే ఆ పరికరం కొనడం వల్ల లాభం అనుమానమే. అది శబ్దాన్ని పెద్దది చేస్తుంది, కొన్ని రకాలైతే గది చప్పుడును తగ్గిస్తాయి, రికార్డు చేసుకోనిస్తాయి కూడా. అయితే బట్ట రాపిడినీ, మీ వేలి కదలికనూ కూడా అంతే పెద్దది చేస్తుంది. ఏది వినాలో తెలియని దశలో పెద్దగా వినిపించే అయోమయం మిగులుతుంది. మీ దగ్గరున్న మామూలు స్టెతస్కోప్‌కే ఇయర్‌పీసులు ముక్కువైపు వంగి ఉండేలా పెట్టుకుంటున్నారా, ట్యూబు ఎక్కడైనా పగిలిందా, డయాఫ్రమ్ (చదునైన పొర) వైపే తెరుచుకుని ఉందా అని ముందు చూసుకోండి. ఛాతీకి ఆనించే బిళ్లను తిప్పే రకమైతే తెరవని వైపు పెట్టుకుని విని, ఏమీ లేదనుకున్న విద్యార్థులు చాలామందే ఉంటారు.

ఇక రెండో సమస్య. మీ ఉత్తరంలో నన్ను ఆపినది ఒక చిన్న వివరం. మీ వంతు ఎప్పుడూ వరుస చివర్లోనే వస్తుందని రాశారు. ఆ మంచం దగ్గర ఏమి జరిగిందో ఆలోచించండి. చాలాసేపటి నుంచి పడుకుని, పైపైన ఊపిరి తీస్తున్న మనిషిని లేపి కూర్చోబెట్టారు. అలాంటివారిలో ఊపిరితిత్తుల అడుగుభాగపు సన్నని గాలిగొట్టాలు కొన్ని మూసుకుపోయి ఉంటాయి. మొదటి రెండు మూడు గట్టి ఊపిర్లకు అవి ఒక్కొక్కటిగా తెరుచుకుంటూ చిటపటమంటాయి. ఆ తరువాత కొంతసేపు ఆ శబ్దం ఉండదు. కఫం వల్ల వచ్చే ముతక చిటపటలైనా అంతే, రోగి ఒకసారి గట్టిగా దగ్గగానే మారిపోవచ్చు, మాయం కావచ్చు. ప్రొఫెసర్ గారు విన్నది నిజమే. మీ వంతు వచ్చేసరికి, అంతమంది కోసం ఊపిరి పీల్చి, మధ్యలో దగ్గిన ఆ రోగి దగ్గర అది లేకపోయి ఉండవచ్చు. న్యుమోనియా ముదిరినప్పుడో, ఊపిరితిత్తి గట్టిపడే ఫైబ్రోసిస్ జబ్బులోనో వచ్చే చిటపటలు అలా పోవు, కనుక ప్రతిసారీ ఇదే కారణమని అనను. కానీ వినిపించకపోవడానికి మీ చెవులే కారణమన్న మీ తీర్పు మాత్రం తొందరపాటు. మీకు ముందు నిలబడి తల ఊపినవారిలో ఎందరికి వినిపించిందో కూడా మీకు తెలియదు.

అనుభవజ్ఞులైన వైద్యులు సైతం ఒకే ఛాతీని విని వేర్వేరు పేర్లు చెప్పడం చాలాకాలంగా పరిశోధకులు గమనిస్తున్న విషయమే. చిటపటలు ఉన్నాయా, పిల్లికూతలు ఉన్నాయా అన్న రెండు పెద్ద ప్రశ్నల దగ్గర అభిప్రాయాలు కొంత బాగానే కలుస్తాయి. సన్నవా ముతకవా, మొదట్లోనా చివర్లోనా అంటూ లోపలికి వెళ్లేకొద్దీ విడిపోతాయి. ఈ సంగతి మీకు ఊరట కోసం మాత్రమే చెప్పడం లేదు. నేర్చుకునే క్రమం కూడా అదే కావాలి. మీరు మొదటి రోజు నుంచే పేర్ల వెంట పడ్డారు, అందుకే శబ్దం చెవిన పడకముందే "ఇది క్రెప్సా, రాంకైయా (గురకలాంటి శబ్దమా)?" అన్న కంగారు మొదలవుతోంది. ప్రతి చోటా మిమ్మల్ని మీరు అడగాల్సినవి రెండే ప్రశ్నలు. అసలు ఊపిరి శబ్దం ఎలా ఉంది? దానికి అదనంగా ఏమైనా ఉందా? మొదటిదానికి జవాబు దొరక్కుండా రెండోదానికి వెళ్లకండి.

ఊపిరి శబ్దం ఎలా ఉండాలో తెలియాలంటే ఆరోగ్యవంతుల ఛాతీని విసుగు పుట్టేదాకా వినాలి. విద్యార్థులు దాదాపు ఎవరూ చేయని పని ఇది. జబ్బు ఉన్నవారి కోసమే వెతుకుతారు. మీ గదిలోని స్నేహితురాలిని కూర్చోబెట్టి, ఆమె మెడ ముందు భాగంలో శ్వాసనాళం మీద స్టెతస్కోప్ పెట్టండి. బిగ్గరగా, బోలుగా, గొట్టంలోంచి గాలి దూసుకుపోతున్నట్టు ఉంటుంది. పీల్చడానికీ వదలడానికీ మధ్య చిన్న విరామం స్పష్టంగా తెలుస్తుంది, వదిలే శబ్దం పీల్చే శబ్దమంత సేపో, ఇంకాస్త ఎక్కువసేపో ఉంటుంది. వెంటనే అదే స్టెతస్కోప్‌ను వీపు కింది భాగానికి జరపండి. ఇక్కడ శబ్దం మెత్తగా, లోస్థాయిలో ఉంటుంది. పీల్చినంతసేపూ వినిపించి, ఆగకుండానే వదలడంలోకి జారి, వదలడం సగం కాకముందే వినబడకుండా పోతుంది. మొదటిది బ్రాంకియల్, రెండోది వెసిక్యులర్. ఈ రెండింటి మధ్య తేడా మీ చెవికి సందేహం లేకుండా తెలిసిన రోజున ఛాతీ పరీక్షలో సగం వచ్చినట్టే. రెండు రెక్క ఎముకల నడుమా, ముందువైపు రొమ్ము ఎముక పైభాగానికి ఇరుపక్కలా ఈ రెండింటికీ మధ్యరకంగా వినిపిస్తుంది. అది సహజమే, జబ్బుగా పొరబడకండి.

ఈ తేడాకు కారణం తెలిస్తే పుస్తకంలోని పట్టికలు బట్టీ పట్టనక్కరలేదు. ఊపిరి శబ్దం పుట్టేది పెద్ద గాలిగొట్టాలలో, గాలి సుడులు తిరిగే చోట. చివరి గాలితిత్తులలో గాలి కదలిక శబ్దం పుట్టనంత నెమ్మది. గాలి నిండిన మెత్తని ఊపిరితిత్తి ఆ శబ్దంలోని పైస్థాయి భాగాన్ని వడగట్టేసి, కిందిస్థాయిది మాత్రమే ఛాతీ గోడ దాకా పంపుతుంది. న్యుమోనియాలో ఒక భాగం గట్టిపడి గాలితిత్తులు ద్రవంతో నిండితే ఆ వడపోత పోతుంది. పెద్ద గొట్టాల శబ్దం ఉన్నది ఉన్నట్టు బయటికి వస్తుంది. అందుకే మెడ దగ్గర వినాల్సిన శబ్దం వీపు కింద వినిపిస్తుంది. అదే కారణంగా రోగి గుసగుసగా పలికిన మాట అక్కడ స్పష్టంగా తెలుస్తుంది, "ఈ" అని పలికిస్తే "ఏ" అన్నట్టు వినిపిస్తుంది, చేతికి మాట అదురు ఎక్కువగా తగులుతుంది. అదే చోట ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య నీరు చేరితే శబ్దం ఆ పొర దగ్గరే ఆగిపోతుంది. ఊపిరీ వినిపించదు, మాట అదురూ తగలదు. గాలి చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోయినా, అంటే న్యుమోథొరాక్స్‌లోనూ, ఈ రెండూ తగ్గుతాయి. నీరా, గాలా అన్నది మీ చెవి చెప్పలేదు, వేలు చెబుతుంది.

అందుకే స్టెతస్కోప్ తీసేముందు చేయాల్సిన పని గురించి ఇక్కడే చెబుతున్నాను. చూడడం, తాకడం, తట్టడం, వినడం అన్న వరుస ఊరికే వచ్చింది కాదు. మంచం చివర నిలబడి ఒక నిమిషంపాటు రోగిని చూడండి. పెద్దవారు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. మెడ కండరాలు బిగబట్టి ఎగశ్వాస తీస్తున్నారా, ఛాతీలో ఒక పక్క వెనకబడి కదులుతోందా, మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నారా అన్నవి కంటికే తెలుస్తాయి. చిన్నపిల్లల్లోనైతే పూర్తి నిమిషం లెక్కపెట్టడమే అన్నింటికంటే విలువైన పరీక్ష. రెండు నెలల లోపు పసికందుకు 60, అక్కడి నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40 గానీ అంతకు మించి గానీ ఉంటే వేగంగా ఉన్నట్టని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీతలను ఏ వార్డులోనైనా వాడుకోవచ్చు. డొక్కలు ఎగరేస్తున్న బిడ్డ ఛాతీలో ఏ అదనపు శబ్దమూ లేకపోయినా ఆ బిడ్డకు ప్రమాదం ఉన్నట్టే.

తరువాత మెడ కింద గుంటలో వేలు పెట్టి శ్వాసనాళం నడిమధ్యలో ఉందా అని చూడండి. నీరుగానీ గాలిగానీ ఎక్కువగా చేరితే అది ఎదుటి పక్కకు నెట్టబడుతుంది. ఊపిరితిత్తి ముడుచుకుపోతే అదే పక్కకు లాగబడుతుంది. ఆపైన ఎడమచేతి మధ్యవేలిని పక్కటెముకల సందున గట్టిగా ఆనించి, కుడిచేతి మధ్యవేలి కొనతో మణికట్టు నుంచి తట్టండి. మామూలు ఊపిరితిత్తి మీద గుల్లగా మోగుతుంది. గట్టిపడిన చోట మొద్దుబారుతుంది. నీరు ఉన్న చోట రాయి మీద తట్టినట్టు, శబ్దంతో పాటు వేలికి కూడా ఆ గట్టిదనం తెలుస్తుంది. న్యుమోథొరాక్స్ మీద మామూలుకంటే ఎక్కువ గుల్లగా మోగుతుంది. నిజంగా మీ చెవుల్లో లోపం ఉందని తేలినా, ఈ పరీక్షలన్నీ మీ కళ్లకూ వేళ్లకూ అందుబాటులో ఉన్నవే. కుడివైపు కింద కదలిక తగ్గి, మాట అదురు తగ్గి, తట్టితే రాయిలా ఉంటే, స్టెతస్కోప్ పెట్టకముందే అక్కడ ఊపిరి శబ్దం తగ్గి ఉండాలని మీకు తెలుసు. ఎదురుచూసిన శబ్దాన్ని చెవి సులువుగా పట్టుకుంటుంది. ఎదురుచూడడంలో ఒక ప్రమాదం కూడా ఉంది. లేనిది వినిపించినట్టు అనిపించవచ్చు, అందుకే రెండు పక్కలా పోల్చకుండా ఏదీ నమ్మవద్దు.

వినేటప్పుడు చర్మం మీదే పెట్టండి, చొక్కా మీద వద్దు. రోగిని కూర్చోబెట్టి, చేతులు రెండూ ముందుకు తెచ్చి ఎదుటి భుజాలు పట్టుకోమంటే రెక్క ఎముకలు పక్కకు జరిగి వీపు తెరుచుకుంటుంది. నోరు తెరిచి, మామూలు కంటే కొంచెం లోతుగా ఊపిరి తీయమనండి, ముక్కుతో తీస్తే ముక్కు చప్పుడే మీకు అడ్డం వస్తుంది. ప్రతి చోటా కనీసం ఒక పూర్తి ఊపిరి, పీల్చడం నుంచి వదలడం చివరిదాకా వినాలి. కుడివైపు ఒక చోట, వెంటనే ఎడమవైపు అదే ఎత్తులో మరో చోట, ఇలా మెట్లు దిగినట్టు పై నుంచి కిందికి రండి. కాలర్ ఎముకకు పైన ఉండే కొనలనూ, చంకలనూ వదిలేయకండి. వీపు మీద మీరు వినేది చాలావరకు కింది లోబ్‌లనే, అంటే ఊపిరితిత్తుల కింది భాగాలనే. కుడి మధ్య లోబ్ ముందువైపు, చంకవైపు మాత్రమే వినిపిస్తుంది. వీపు విని ఊపిరితిత్తులు బాగున్నాయని రాసేవారు ఆ లోబ్‌ను అసలు విననట్టే. వరుసగా లోతైన ఊపిర్లు తీసిన రోగికి కళ్లు తిరగవచ్చు, మధ్యమధ్య ఆపి మామూలుగా ఊపిరి తీయనివ్వండి.

మీకు వినిపించే ఆ గరగర గురించి. ఛాతీ మీద వెంట్రుకలు డయాఫ్రమ్ కింద నలిగితే అచ్చంగా సన్నని చిటపటల్లా ఉంటుంది. కాస్త నీటితో తడిపి, గట్టిగా అదిమి పెడితే పోతుంది. చలికి వణికే కండరం గుడగుడమంటుంది. ట్యూబు మీ కోటుకో మంచం కమ్మీకో తగిలినా చెవిలో మోగుతుంది. అనుమానం వస్తే రోగిని ఒక్క క్షణం ఊపిరి బిగబట్టమనండి. అప్పటికీ వస్తూనే ఉంటే అది ఊపిరితిత్తి శబ్దం కాదు. ప్లూరల్ రబ్‌ను, అంటే ఊపిరితిత్తి మీది పొరలు వాచి రాసుకునే శబ్దాన్ని, గుండె మీది పొర రాపిడి నుంచి వేరు చేయడానికి కూడా ఇదే ఉపాయం. ఊపిరి ఆపితే మొదటిది ఆగుతుంది, రెండోది గుండెతో పాటు సాగుతుంది.

ఇక అదనపు శబ్దాలు. ఇవి రెండు కుటుంబాలు. ఒకటి తెగిపోయే శబ్దాలు, అవే క్రెపిటేషన్లు. చెవి దగ్గర నాలుగు వెంట్రుకలను వేళ్ల మధ్య నలిపి చూడండి, సన్న క్రెప్స్ దాదాపు అలాగే ఉంటాయి. పీల్చడం చివర్లో వస్తాయి, దగ్గినా పోవు. ఫైబ్రోసిస్‌లో రెండు పక్కలా అడుగుభాగాల్లో ఇలా వినిపిస్తాయి. గుండె వైఫల్యంలోనూ సన్నవి అడుగున వస్తాయి. ముతకవి లోస్థాయిలో, ఒక్కొక్కటి ఎక్కువసేపు ఉండి, పీల్చడం మొదట్లోనే వస్తాయి, దగ్గితే మారుతాయి. రెండో కుటుంబం సాగే శబ్దాలు. సన్నబడిన గాలిగొట్టపు గోడలు అదిరి పుట్టే పిల్లికూతలు ఇందులోనివే, ఎక్కువగా వదిలేటప్పుడు వినిపిస్తాయి. కఫం ఉన్న పెద్ద గొట్టాలలోంచి గురకలా వచ్చే రాంకై లోస్థాయిలో ఉండి, దగ్గితే తరచుగా తగ్గుతాయి. స్ట్రైడర్ అనే కీచు శబ్దం ఊపిరి పీల్చేటప్పుడు, మెడ మీద అన్నిటికంటే బిగ్గరగా వినిపిస్తుంది. అది వినబడితే పేరు సరిచూసుకుంటూ కూర్చోకండి, పై గాలిదారి మూసుకుపోతోందని సీనియర్‌ను వెంటనే పిలవండి.

ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది. ఉబ్బసం రోగిలో కూతల జోరును బట్టి జబ్బు తీవ్రతను కొలవకండి. కూత పుట్టాలంటే గాలి కదలాలి. ఊపిరాడక అల్లాడుతున్న రోగి ఛాతీ నిశ్శబ్దంగా ఉంటే అది మెరుగుదల కాదు, ప్రాణాపాయం. అలాగే ఒకే స్థాయిలో, ఒకే చోట, ప్రతి ఊపిరికీ కదలకుండా వినిపించే కూత ఉబ్బసం కాకపోవచ్చు. ఒక గొట్టంలో లోపలికి వెళ్లిన వస్తువో, గడ్డో అడ్డుపడి ఉండవచ్చు. సీనియర్ నోట్సు చూసి "అదనపు శబ్దాలు లేవు" అని మీరు రాసుకుంటున్న వాక్యం నిశ్శబ్దమైన ఛాతీకి కూడా అక్షరాలా సరిపోతుంది. ఊపిరి శబ్దం ఎలా ఉందో ముందు రాయమని నేను పట్టుబట్టేది ఇందుకే.

మీ స్నేహితురాలి మాటకు వస్తాను. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ చాలా విషయాల్లో చెవికంటే మేలన్నది నిజమే. చేరిన నీరు కొద్దిగానే ఉంటే స్టెతస్కోప్ పట్టలేదు, అల్ట్రాసౌండ్ పడుతుంది. అయితే ఉబ్బసంతో కూతలు వేస్తున్న మనిషి ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు. మందు ఇచ్చిన అరగంటకు గాలి ఆడుతోందా లేదా అని చూడడానికి ఎవరూ మళ్లీ ఎక్స్‌రే తీయరు. నా దృష్టిలో ఈ రెండూ పోటీదారులు కావు, నేర్చుకునేవారికి ఒకటి ప్రశ్న, మరొకటి జవాబు. 1816లో పారిస్‌లో కాగితాన్ని గొట్టంగా చుట్టి రోగి ఛాతీని విని, స్టెతస్కోప్‌ను కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు లెన్నెక్, 1819లో తన గ్రంథం వెలువరించే నాటికి విన్న శబ్దాన్ని, మరణానంతరం ఊపిరితిత్తిలో కనిపించిన మార్పుతో పోల్చి చూసుకునే పద్ధతి మీదే ఆ పరిజ్ఞానాన్నంతా నిర్మించాడు. ఆయనకు శవపరీక్ష దాకా దొరకని జవాబు మీకు అదే రోజు ఎక్స్‌రే ఫిల్మ్ మీద దొరుకుతుంది.

కాబట్టి ఒక నోటుబుక్ పెట్టుకోండి. ఎక్స్‌రే చూడకముందు, సీనియర్ నోట్సు తెరవకముందు, మీరు ఏమి చూశారో, తట్టారో, విన్నారో, అక్కడ ఏమి ఉండవచ్చనుకుంటున్నారో రాయండి. తరువాత ఫిల్మ్ చూడండి. తేడా వస్తే మళ్లీ మంచం దగ్గరికి వెళ్లి, ఇప్పుడు తెలిసిన చోట మరోసారి వినండి. ఇలా రెండోసారి వినడమే చెవిని తయారుచేస్తుంది. ప్రతి తేడా మీ తప్పే అనుకోకండి. లోతుగా ఉన్న మచ్చ ఛాతీ గోడ దాకా శబ్దం పంపదు, న్యుమోనియా మొదట్లో చెవికి ఏమీ అందకపోవచ్చు. ఈ పద్ధతికి సమయం పడుతుంది. రౌండ్ల సమయంలో కుదరదు, వార్డు కాస్త ఖాళీగా ఉన్నప్పుడు, రోగి అనుమతి అడిగి, భోజనం చేస్తున్నవారినీ నిద్రపోతున్నవారినీ లేపకుండా వెళ్లాలి. తీవ్రమైన ఆయాసంలో ఉన్నవారి మీద సాధన చేయవద్దు.

చివరిగా, మీరు మోసం అన్న విషయం. ఆ మాట పూర్తిగా తప్పని చెప్పి మిమ్మల్ని ఊరడించను. రౌండ్లలో తల ఊపడం భయం వల్ల జరిగేది, దానివల్ల నష్టపోయేది ప్రధానంగా మీ చదువే. కేసు షీటులో వినని దాన్ని విన్నట్టు రాయడం వేరు, అక్కడ రోగి ఉన్నారు. మీరు చూసి రాస్తున్న సీనియర్ కూడా ఇంకెవరి నోట్సో చూసి రాసి ఉంటే, ముగ్గురు పరీక్షించినట్టు కనిపించే కాగితం మీద నిజానికి ఒక్కరి చెవే ఉంటుంది, లేదా ఒక్కరిదీ ఉండదు. హౌస్ సర్జన్‌గా రాత్రి డ్యూటీలో మొదటి నోట్సు మీరే రాయాల్సి వస్తుంది, అప్పుడు మిమ్మల్ని చూసి మరొకరు రాస్తారు.

మీ ముందు కొన్ని దారులున్నాయి. ఇలాగే కొనసాగడం ఒకటి. పరీక్ష గట్టెక్కవచ్చు కూడా, కానీ ఇప్పుడు విద్యార్థినిగా అడగగలిగిన ప్రశ్న రేపు వైద్యురాలిగా అడగడం ఇంకా కష్టమవుతుంది. రౌండ్లలోనే బయటపడడం రెండోది. అందరి ముందూ మందలింపు ఎదురుకావచ్చు, కొందరు అధ్యాపకులు అలాంటివారు ఉంటారు. అయినా "వినిపించలేదు" అని ఊరుకోవడానికీ, "కుడివైపు కింద ఊపిరి శబ్దం తగ్గినట్టుంది సార్, అదనపు శబ్దం ఉందో లేదో నాకు స్పష్టంగా తెలియలేదు, రౌండ్లయ్యాక మళ్లీ వినవచ్చా?" అనడానికీ చాలా తేడా ఉంది. రెండో వాక్యం విన్న మంచి అధ్యాపకుడు మిమ్మల్ని తక్కువ చేసి చూడరు. మూడోది, మీకు చనువున్న ఒక పీజీ దగ్గరో, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గరో విడిగా చెప్పుకోవడం. ఇందులో అవమానం తక్కువ, సహాయం ఎక్కువ, కాకపోతే వారి సమయం కోసం వేచి ఉండాలి. ఛాతీ ఫిజియోథెరపిస్టులను కూడా మరచిపోకండి. కఫం తీయించడానికి ముందూ తరువాతా వాళ్లు వింటారు, ఆ రెండింటి మధ్య తేడాను అక్కడే పక్కన నిలబడి నేర్చుకోవచ్చు. మీ స్వభావాన్ని ఉత్తరంలో చదివినంతవరకు మూడోదానితో మొదలుపెట్టి, ధైర్యం వచ్చాక రెండోదానికి వెళ్లడం మీకు సులువేమో అనిపిస్తోంది. నిర్ణయం మీదే.

ఇప్పటికే రాసిన షీట్ల సంగతి కూడా విడదీసి చూడండి. అవి కేవలం మీ విద్యార్థి రికార్డులైతే ఇవాళ్టి నుంచి మారితే చాలు. ఆసుపత్రి రికార్డులో రాసినవైతే, ఆ రోగులలో ఇంకా వార్డులో ఉన్నవారిని మళ్లీ పరీక్షించి, ఇవాళ్టి తేదీ, సమయం వేసి కొత్తగా రాయండి. పాతదాన్ని కొట్టివేయడంగానీ దిద్దడంగానీ చేయకండి. మీరు రాసిన దానికీ ఇప్పుడు విన్నదానికీ వైద్యాన్ని మార్చగల తేడా కనిపిస్తే, ఆ యూనిట్ డాక్టరుకు వెంటనే చెప్పాలి. వేరే దారులు చూపించలేని ఒకే ఒక్క చోటు ఇది. ఇకమీద తెలియనప్పుడు "స్పష్టంగా నిర్ధారించలేకపోయాను" అని రాయడానికి సంకోచించకండి. ఆ వాక్యం చదివిన సీనియర్ తానే మళ్లీ వింటారు. "అంతా మామూలే" అని రాసి ఉంటే ఆ అవసరం ఆయనకు కనిపించదు.

ప్రాక్టికల్ పరీక్షలో పేరు తోచకపోతే శబ్దాన్ని వర్ణించండి. ఎక్కడ ఉంది, పీల్చేటప్పుడా వదిలేటప్పుడా, తెగిందా సాగిందా, దగ్గించాక మారిందా, ఎదుటి పక్క ఎలా ఉంది అన్నంతవరకు చెప్పగలిగితే పేరు తప్పినా పరీక్షకులకు మీ పరీక్ష కనిపిస్తుంది. పేరు మాత్రమే చెబితే వారు అడిగే తరువాతి ప్రశ్న "ఎలా తెలిసింది?" అన్నదే.

బ్రాంచి ఎంపిక గురించి ఇప్పుడే తేల్చుకోకండి. రేడియాలజీ అంటేనో, పాథాలజీ అంటేనో మీకు ఇష్టముంటే నిండు మనసుతో వెళ్లండి, అవి ఎందులోనూ తక్కువవి కావు. స్టెతస్కోప్ నుంచి పారిపోవడానికే అయితే, ఆ భయం ఎంతవరకు నిజమో తేలాక నిర్ణయించుకోవడం మేలు. పరీక్షలయ్యేదాకా దాన్ని పక్కన పెట్టి, ఆడియోమెట్రీ మాత్రం ఈ వారంలోనే చేయించుకోండి. ఫలితం ఎలా వచ్చినా రాయండి. లోపం ఉందని తేలితే ఏ రకం ఎలక్ట్రానిక్ స్టెతస్కోప్ మీకు సరిపోతుందో ఆ ఆడియోగ్రామ్ చూసి మాట్లాడుకుందాం.